రెండు శాతానికి ఆవల: కంపెనీ బోర్డుల్లో మహిళలు, సామాజిక బాధ్యత

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కామర్సు, న్యాయశాస్త్ర విద్యార్థులకు, వివిధ సంస్థల నుంచి వచ్చిన మిత్రులకు నమస్కారం.

మన దేశంలో 2013 నాటి కంపెనీల చట్టం అంతకు ముందు లేని రెండు బాధ్యతలను కంపెనీలపై పెట్టింది. 149వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయికి చేరిన కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలి. 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు తమ లాభాల్లో కనీసం రెండు శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. రెండూ 2014 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి. ఒకే చట్టంలో పుట్టి, ఒకే రోజున అమలైన ఈ రెండు నిబంధనలను మనం తరగతి గదిలో వేర్వేరు పాఠాలుగా చదువుతున్నాం, ఆఫీసులో వేర్వేరు ఫైళ్ళలో పెడుతున్నాం. బోర్డు సమావేశాల్లో ఒక పక్కన కూర్చుని మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని అధికారిక రికార్డు, రాసే కంపెనీ సెక్రటరీ వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి, ఈ రెంటి మధ్య సంబంధం ఎక్కడ బలపడుతుందో, ఎక్కడ తెగిపోతుందో దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. ఈ రోజు మాట్లాడదలచినది దాని గురించే.

నా అభిప్రాయాన్ని మొదటే చెప్పేస్తాను. బోర్డులో మహిళలు ఉన్న కంపెనీలు సమాజం పట్ల మరింత బాధ్యతగా ఉంటాయన్న మాటలో నిజం ఉంది, అయితే ఆ నిజం కొన్ని షరతులకు లోబడి ఉంది. ఆమెను ఏ కమిటీలో వేశారు, సమావేశపు కాగితాలు ఆమె చేతికి ఎప్పుడు అందాయి, ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఎవరు అన్నవే ఆ షరతులు. వచ్చిన మహిళను సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) కమిటీకి అధ్యక్షురాలిని చేసి, దానితో తన పని తీరిపోయిందనుకునే కంపెనీ ఆ షరతుల్లో దేన్నీ పాటించడం లేదని నేను నమ్ముతున్నాను.

ముందు చట్టాన్ని చూద్దాం. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన (లిస్టెడ్) ప్రతి కంపెనీకీ, నమోదు కాకపోయినా వాటాదారులు చెల్లించిన మూలధనం 100 కోట్ల రూపాయలు గానీ టర్నోవరు 300 కోట్ల రూపాయలు గానీ ఉన్న ప్రతి పబ్లిక్ కంపెనీకీ మహిళా డైరెక్టర్ నిబంధన వర్తిస్తుంది. లిస్టెడ్ కంపెనీలకు ఇదే నిబంధన విధించిన షేరు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ మొదట 2014 అక్టోబరు 1ని గడువుగా పెట్టి, తర్వాత దాన్ని 2015 ఏప్రిల్ 1కి పొడిగించింది. గడువు దాటించిన కంపెనీలకు జరిమానాలు కూడా ప్రకటించింది. ఆ ఏడాది జూన్ 30 లోపు నియామకం పూర్తిచేస్తే 50,000 రూపాయలు, ఆపైన ఆలస్యమైన కొద్దీ రోజువారీ లెక్కన అదనం.

ఆ గడువు దగ్గరపడిన వారాల్లో అనేక కంపెనీల్లో ప్రమోటర్ల, అంటే కంపెనీని పెట్టి తమ చేతుల్లో ఉంచుకున్నవారి, భార్యలు, కూతుళ్ళు, కోడళ్ళు డైరెక్టర్లయ్యారు. చట్టం మహిళ ఉండాలని మాత్రమే అంది, స్వతంత్ర డైరెక్టరై, అంటే యాజమాన్యంతోనూ ప్రమోటర్లతోనూ సంబంధం లేని డైరెక్టరై, ఉండాలని అనలేదు కనుక అందులో ఉల్లంఘన ఏమీ లేదు. ప్రమోటరు కుటుంబంలోని స్త్రీకి వ్యాపారం తెలియదని అనుకోవడం కూడా సరికాదు. కొడుకులకు, తమ్ముళ్ళకు ఎవరూ పెట్టని పరీక్ష ఆమెకొక్కదానికే పెట్టడం అన్యాయం. ఇబ్బంది సామర్థ్యానికి సంబంధించింది కాదు. ఇంట్లో ఎదురుచెప్పలేని మనిషికి బోర్డులో ఎదురుచెప్పవలసి రావడమే అసలు ఇబ్బంది. యాజమాన్యం నిర్ణయాన్ని ప్రశ్నించగలిగే దూరం లేనివారిని, వారు స్త్రీలైనా పురుషులైనా, కొత్త దృష్టి తెచ్చే డైరెక్టర్లుగా లెక్కించలేం. ఉదయ్ కోటక్ అధ్యక్షతన సెబీ నియమించిన కమిటీ 2017 అక్టోబరులో ఇచ్చిన నివేదికలో ఈ లోపాన్ని గుర్తించి, కనీసం ఒక స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండాలని సూచించింది. సెబీ దాన్ని అంగీకరించి, మార్కెట్ విలువ ప్రకారం మొదటి 500 లిస్టెడ్ కంపెనీలకు 2019 ఏప్రిల్ 1 నుంచి, మొదటి 1,000 కంపెనీలకు 2020 ఏప్రిల్ 1 నుంచి వర్తింపజేసింది. మన దేశంలో ఈ విషయమై వచ్చిన మార్పుల్లో ఇది అన్నిటికన్నా విలువైనదని నా ఉద్దేశం.

ఇతర దేశాల అనుభవం కొంత చెప్పుకోవాలి. నార్వేలో 2003లో చేసిన చట్టం పబ్లిక్ కంపెనీల బోర్డుల్లో స్త్రీలకు గానీ పురుషులకు గానీ 40 శాతానికి తగ్గకుండా స్థానం ఉండాలంది. అప్పటికి ఆ బోర్డుల్లో స్త్రీల వాటా పది శాతం కూడా లేదు. ఆ ప్రతిపాదనను ముందుకు తెచ్చిన వాణిజ్య మంత్రి అన్స్‌గార్ గాబ్రియెల్సెన్ కన్జర్వేటివ్ పార్టీకి చెందినవారు కావడం గమనించదగిన విషయం. మొదట కంపెనీలు స్వచ్ఛందంగా చేసుకోవడానికి గడువు ఇచ్చారు. ఆ గడువులో లక్ష్యం నెరవేరలేదు. దానితో 2006లో నిబంధనను తప్పనిసరి చేసి, 2008 నాటికి పాటించని కంపెనీని రద్దు చేయవచ్చన్నారు. ఆ హెచ్చరిక వచ్చాక లక్ష్యం నెరవేరింది. కొన్ని కంపెనీలు నిబంధన తమకు వర్తించకుండా సంస్థ రూపాన్నే మార్చుకున్న మాట కూడా నిజమే. ఫ్రాన్సు 2011లో చట్టం చేసి, 2017 నాటికి 40 శాతం అంది. బ్రిటన్ చట్టం జోలికి పోకుండా, 2011 నాటి డేవిస్ నివేదిక ద్వారా 25 శాతం లక్ష్యం పెట్టుకుని, లండన్ మార్కెట్లోని 100 అగ్రశ్రేణి కంపెనీల్లో 12.5 శాతంగా ఉన్న వాటాను 2015 నాటికి 26 శాతానికి చేర్చింది. కాలిఫోర్నియా 2018లో చేసిన చట్టాన్ని 2022లో అక్కడి కోర్టు కొట్టివేసింది. అదే 2022లో ఐరోపా సమాఖ్య ఒక ఆదేశాన్ని ఆమోదించి, పెద్ద లిస్టెడ్ కంపెనీల్లో రోజువారీ నిర్వహణలో పాలుపంచుకోని నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లలో 40 శాతం గానీ, మొత్తం డైరెక్టర్లలో 33 శాతం గానీ తక్కువ ప్రాతినిధ్యం ఉన్నవారికి దక్కాలని, అందుకు 2026 జూన్ 30ని గడువుగా నిర్ణయించింది. కంపెనీలు తమంతట తాము కదిలింది తక్కువ చోట్ల, ఎవరో ఒకరు లెక్క అడిగితే కదిలింది ఎక్కువ చోట్ల.

ఇక పరిశోధనలు ఏం చెబుతున్నాయి? ఇక్కడ మనం కోరుకున్నదాన్ని కాకుండా ఉన్నదాన్ని చెప్పుకోవాలి. మహిళలు బోర్డులోకి వస్తే లాభాలు పెరుగుతాయన్న వాదన సభల్లో తరచుగా వినబడుతుంది. కొరిన్ పోస్ట్, క్రిస్ బైరాన్ అనే పరిశోధకులు 140 అధ్యయనాలను కలిపి చూసి 2015లో ప్రచురించిన విశ్లేషణలో, లెక్కల పుస్తకాల్లో కనిపించే లాభదాయకతతో స్వల్పమైన అనుకూల సంబంధం కనిపించింది. షేరు మార్కెట్ విలువతో మాత్రం దాదాపు ఏ సంబంధమూ కనబడలేదు. కాబట్టి లాభాల పేరు చెప్పి మహిళలకు స్థానం అడగడం నాకు ఎప్పుడూ సమ్మతం కాలేదు. రేపు ఒక సంవత్సరం లాభం తగ్గితే ఆ స్థానం కూడా తగ్గించవచ్చునన్న అర్థం ఆ వాదనలోనే దాగి ఉంది. పురుషుడిని డైరెక్టరుగా తీసుకునేటప్పుడు ఆయన పురుషుడైనందువల్ల లాభం ఎంత పెరుగుతుందని ఎవరూ అడగరు కదా.

సామాజిక బాధ్యత విషయంలో ఫలితాలు ఇంతకంటే స్పష్టంగా ఉన్నాయి. అదే పరిశోధకులు 2016లో 87 నమూనాలను పరిశీలించి, బోర్డులో మహిళల ఉనికికీ కంపెనీ సామాజిక పనితీరుకూ అనుకూల సంబంధం ఉందని, వాటాదారుల హక్కులకు గట్టి రక్షణ ఉన్న దేశాల్లో, స్త్రీ పురుష సమానత్వం ఎక్కువగా ఉన్న దేశాల్లో ఆ సంబంధం మరింత బలంగా ఉందని చెప్పారు. బాధ్యతగల కంపెనీలే మహిళలను ఆహ్వానిస్తాయా, మహిళలు రావడంవల్ల కంపెనీలు బాధ్యత నేర్చుకుంటాయా అన్న ప్రశ్న ఇలాంటి అధ్యయనాలన్నిటిలోనూ మిగిలే ఉంటుంది. రెండూ జరుగుతాయనే నేను అనుకుంటున్నాను. రెనీ ఆడమ్స్, డానియల్ ఫెరేరా అమెరికా కంపెనీల సమాచారంతో 2009లో ప్రచురించిన పరిశోధన ఇంకొంచెం లోపలికి తొంగి చూసింది. మహిళా డైరెక్టర్లు సమావేశాలకు పురుషులకంటే క్రమంగా హాజరవుతున్నారు, వాళ్ళున్న బోర్డుల్లో పురుషుల హాజరు కూడా మెరుగుపడుతోంది, ఆడిట్ వంటి పర్యవేక్షక కమిటీల్లో వాళ్ళు ఎక్కువగా ఉంటున్నారు అని తేలింది. అప్పటికే పర్యవేక్షణ గట్టిగా ఉన్న కంపెనీల్లో ఈ అదనపు పర్యవేక్షణ విలువను పెంచకపోగా తగ్గించవచ్చని కూడా వారే చెప్పారు. పర్యవేక్షణ లోపించిన కంపెనీలకు ఈ అవసరం ఎక్కువని నేను దీన్ని అర్థం చేసుకుంటున్నాను.

నన్ను అన్నిటికంటే ఒప్పించిన ఆధారం కంపెనీల నుంచి రాలేదు, మన పంచాయతీల నుంచి వచ్చింది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత సర్పంచి పదవుల్లో మూడోవంతు మహిళలకు కేటాయించినప్పుడు, ఏ గ్రామానికి ఆ రిజర్వేషన్ వస్తుందన్నది వంతులవారీగా నిర్ణయమయ్యేది. గ్రామం మంచిదా చెడ్డదా అన్నదానితో నిమిత్తం లేదు. అందువల్ల కారణం ఏది, ఫలితం ఏది అన్న చిక్కు అక్కడ లేదు. రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించి 2004లో ప్రచురించిన ఫలితం ఇది. ఆ గ్రామాల్లో స్త్రీలు ఏ సౌకర్యం గురించి ఎక్కువగా అర్జీలు పెట్టుకునేవారో, మహిళా సర్పంచులు దాని మీదే ఎక్కువ ఖర్చు పెట్టారు. రెండు రాష్ట్రాల్లోనూ తాగునీటికి ప్రాధాన్యం పెరిగింది. రోడ్ల విషయంలో మాత్రం తేడా ఉంది. బెంగాల్‌లో రోడ్డు పనుల్లో స్త్రీలకు కూలి దొరికేది కనుక అక్కడి స్త్రీలు రోడ్లు అడిగారు, మహిళా సర్పంచులు రోడ్లు వేయించారు. రాజస్థాన్‌లో స్త్రీలు రోడ్లను అంతగా అడగలేదు, అక్కడ రోడ్ల ఖర్చు తగ్గింది. అంటే స్త్రీలు స్వభావరీత్యా నీళ్ళ పక్షం, పురుషులు స్వభావరీత్యా రోడ్ల పక్షం అని కాదు. ఎవరి రోజు ఎలా గడుస్తుందో, వారికి ఏ లోటు కనబడుతుందో, నిర్ణయం చేసే కుర్చీలో కూర్చున్నప్పుడు వారు దాన్నే ముందు చూస్తారు.

ఇప్పుడు 135వ సెక్షన్ దగ్గరికి వద్దాం. గత ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్ల రూపాయలు, ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్ని చేరినా కంపెనీకి ఈ సెక్షన్ వర్తిస్తుంది. గత మూడేళ్ళ సగటు నికర లాభంలో రెండు శాతం ఖర్చు చేయాలి. బోర్డు ఒక సీఎస్ఆర్ కమిటీని నియమించాలి; ఖర్చు చేయవలసిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే కమిటీ అక్కరలేదు, ఆ పని బోర్డే చేయవచ్చు. ఏఏ రంగాల్లో ఖర్చు పెట్టవచ్చో ఏడో షెడ్యూలు చెబుతుంది. ఆకలి, ఆరోగ్యం, పారిశుధ్యం, విద్యతో పాటు స్త్రీ పురుష సమానత్వం, మహిళా సాధికారత అందులో ఉన్నాయి. 2021 జనవరి నుంచి అమలైన సవరణల తర్వాత ఖర్చు కాని డబ్బును వివరణ రాసి ఊరుకోవడానికి వీల్లేదు. కొనసాగుతున్న ప్రాజెక్టు అయితే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేయాలి, కాకపోతే ఆరు నెలల్లో ఏడో షెడ్యూలులోని నిధుల్లో ఒకదానికి బదిలీ చేయాలి.

ఈ సవరణలు మంచివే. కానీ వాటివల్ల బోర్డు దృష్టి మొత్తం డబ్బు ఖర్చయిందా లేదా అన్నదాని మీదికి మళ్ళింది. మార్చి నెల వచ్చేసరికి మిగిలిన సొమ్మును ఎక్కడ పెట్టాలన్న హడావుడి మొదలవుతుంది. ఎజెండాలో సీఎస్ఆర్ సాధారణంగా చివరికి దగ్గరగా ఉంటుంది; త్రైమాసిక ఫలితాలు, అప్పులు, కొత్త పెట్టుబడులు అయ్యాక, అందరూ బయలుదేరే తొందరలో ఉన్న సమయంలో ఆ నోట్ చదువుతారు. అందులో ఊళ్ళ పేర్లు, లబ్ధిదారుల సంఖ్య, మొత్తం సొమ్ము ఉంటాయి. మహిళా సాధికారత అన్న శీర్షిక కింద కుట్టుమిషన్ల పంపిణీ ఉంటుంది. ఆ మిషను మీద కుట్టిన బట్టలు ఎవరు కొంటారన్న వాక్యం ఆ నోట్‌లో ఉండడం అరుదు.

నేను మినిట్స్ రాసిన ఒక సమావేశం చెబుతాను. ప్రభుత్వ పాఠశాలల్లో బాలికల మరుగుదొడ్ల నిర్మాణానికి ప్రతిపాదన వచ్చింది. అంచనా బాగుంది, కాంట్రాక్టరు సిద్ధంగా ఉన్నాడు, ఆమోదానికి అందరూ తల ఊపారు. కొత్తగా వచ్చిన ఒక స్వతంత్ర మహిళా డైరెక్టర్ నక్షా అడిగి తెప్పించుకుని, తలుపు ఏ వైపు తెరుచుకుంటుందని అడిగారు. ఆట స్థలం వైపు అని తేలింది. లోపల గొళ్ళెం ఎంత ఎత్తున ఉంటుంది, కుళాయి లోపల ఉంటుందా బయట ఉంటుందా, వాడిన శానిటరీ ప్యాడ్లు ఎక్కడ వేయాలి, శుభ్రం చేసే మనిషికి జీతం ఎవరిస్తారు, రెండో ఏడాది కూడా ఇస్తారా అని వరుసగా అడిగారు. ఒక్కదానికీ ఆ గదిలో జవాబు లేదు. ఆ అంశాన్ని తర్వాతి సమావేశానికి వాయిదా వేశారు. తిరిగి వచ్చిన ప్రతిపాదనలో నీళ్ళ ట్యాంకు, మూడేళ్ళ నిర్వహణ ఖర్చు, చెత్తబుట్టలు, తలుపు దిశ మార్పు చేరాయి. ఒక్కో మరుగుదొడ్డి ఖర్చు పెరిగి, పాఠశాలల సంఖ్య తగ్గింది. వార్షిక నివేదికలో వేసుకునే అంకె చిన్నదైనందుకు కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం అది మంచి నిర్ణయమనే అనిపించింది.

ఆ ప్రశ్నలు ఎంత అవసరమో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక చూస్తే తెలుస్తుంది. ప్రభుత్వరంగ సంస్థలు పాఠశాలల్లో కట్టించిన మరుగుదొడ్లపై 2020 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ నివేదిక కోసం 15 రాష్ట్రాల్లో 2,695 మరుగుదొడ్లను నమూనాగా తీసుకున్నారు. కొన్ని అసలు కట్టనేలేదు. కట్టినవాటిలో 30 శాతం వాడుకలో లేవు, 72 శాతం మరుగుదొడ్ల లోపల పారే నీటి వసతి లేదు. నీళ్ళు లేని మరుగుదొడ్డిని మన బడిపిల్లలు ఏం చేసుకుంటారు? కాగితం మీద ఆ సొమ్ము ఖర్చయింది, లెక్క సరిపోయింది. ఇలాంటి ప్రశ్న అడగడానికి స్త్రీగా పుట్టనవసరం లేదు; ఆడపిల్లలు నెలలో కొన్ని రోజులు బడి ఎందుకు మానేస్తున్నారో ఆలోచించిన ఏ పురుషుడైనా అడగగలడు. అయితే నేను చూసిన ఆ గదిలో అంతవరకు ఎవరూ అడగలేదు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి మహిళా డైరెక్టర్ సీఎస్ఆర్ కమిటీలో ఉండడమే సరైనదని మీకు అనిపించవచ్చు. ఉండాలి, సందేహం లేదు. అక్కడ మాత్రమే ఉండడం దగ్గరే నాకు అభ్యంతరం. సీఎస్ఆర్ కమిటీ లాభంలో రెండు శాతాన్ని ఎలా ఖర్చు పెట్టాలో చూస్తుంది. ఆ లాభం ఎలా వచ్చిందన్నది ఆ కమిటీ ముందుకు రాదు. నిబంధనలే అలా ఉన్నాయి; కంపెనీ తన సొంత ఉద్యోగుల మేలుకోసమే చేసే పని సీఎస్ఆర్ కిందికి రాదు, తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని కూడా రాదు. కాబట్టి పక్క ఊరి బడిలో కట్టిన మరుగుదొడ్డి సీఎస్ఆర్ నివేదికలో ఫోటోతో సహా వస్తుంది. అదే కంపెనీ గోడౌనులో రాత్రి షిఫ్టు చేసే కాంట్రాక్టు కార్మికురాలికి మరుగుదొడ్డి ఉందా అన్న ప్రశ్న ఆ నివేదికలోకి రాదు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులు ఉన్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో చట్టం చెప్పింది. అది ఉందా, ఉంటే అందులో పిల్లలు ఉన్నారా అన్నది కూడా రాదు. 2013లోనే వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద అంతర్గత కమిటీకి ఎన్ని ఫిర్యాదులు అందాయి, ఎన్ని తేలాయి, ఫిర్యాదు చేసిన స్త్రీ ఏడాది తర్వాత ఇంకా ఉద్యోగంలో ఉందా అన్నవి కూడా రావు. బోర్డు నివేదికలో 2025 వరకు ఆ కమిటీని ఏర్పాటు చేశామన్న ఒక్క వాక్యం సరిపోయేది.

ఈ విషయం ఎంత దూరం పోగలదో అర్థం కావడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2013 ఏప్రిల్‌లో, మన కంపెనీల చట్టం ఇంకా పార్లమెంటులో ఉండగానే, బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది దుస్తుల ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలు. ముందు రోజే గోడలకు పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపని చేసేవారిని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. అక్కడ బట్టలు కుట్టించుకుంటున్న విదేశీ బ్రాండ్ల బోర్డుల్లో ఎవరికీ ఆ పగుళ్ళ సంగతి తెలిసే మార్గం లేదు, ఎందుకంటే అలాంటి సమాచారం పైకి రావలసిన దారిని ఎవరూ వేయలేదు. ఆ దారి వేయవలసింది విరాళాలు పంచే కమిటీ కాదు. నష్టభయాలను చూసే రిస్క్ కమిటీ, లెక్కలు తనిఖీ చేసే ఆడిట్ కమిటీ, పై ఉద్యోగుల జీతాలనూ నియామకాలనూ నిర్ణయించే నామినేషన్ అండ్ రెమ్యునరేషన్ కమిటీ చేయవలసిన పని అది. మేనేజింగ్ డైరెక్టర్ బోనసును ఉత్పత్తికే ముడిపెట్టారా, కార్మికుల భద్రతకు కూడా ముడిపెట్టారా అన్నది ఈ చివరి కమిటీలో తేలుతుంది. సామాజిక బాధ్యతలో అసలు నిర్ణయాలు జరిగేది ఈ మూడు కమిటీల్లోనే, నేను చూసిన బోర్డుల్లో మహిళలు తక్కువగా కనిపించేదీ అక్కడే.

ఇక్కడ చట్టం మనకు ఒక ఆధారం ఇచ్చింది. 166వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్ వాటాదారుల మేలుతో పాటు ఉద్యోగులు, సమాజం, పర్యావరణ పరిరక్షణ ప్రయోజనాలను కూడా దృష్టిలో పెట్టుకుని నిజాయితీగా వ్యవహరించాలి. ఇది ప్రతి డైరెక్టరుకూ, ప్రతి నిర్ణయానికీ వర్తిస్తుంది. రెండు శాతానికి మాత్రమే కాదు. దీనికి తోడు సెబీ ఆదేశం ప్రకారం 2022–23 నుంచి మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వవలసి వస్తోంది. బోర్డులో, ముఖ్య పదవుల్లో స్త్రీల వాటా, స్త్రీ పురుష ఉద్యోగుల మధ్యస్థ వేతనం, లైంగిక వేధింపుల ఫిర్యాదుల సంఖ్య అందులో చెప్పాలి. ఈ నివేదికను ప్రచురణకు ముందు ఒక్కసారి శ్రద్ధగా చదివే డైరెక్టరుకు అడగవలసిన ప్రశ్నలు వాటంతట అవే దొరుకుతాయి.

ఒక్క మహిళ సరిపోతుందా? అమెరికా సామాజిక శాస్త్రవేత్త రోసబెత్ మాస్ కాంటర్ 1977లోనే దీనిని వివరించారు. ఒక సమూహంలో ఒకే ఒక్కరు వేరుగా ఉన్నప్పుడు, ఆమె మాటను ఆమె మాటగా వినరు, స్త్రీల మాటగా వింటారు. పొరపాటు చేస్తే అది కూడా స్త్రీలందరి లెక్కలో పడుతుంది. 2006లో వికీ క్రేమర్, అలిసన్ కాన్రాడ్, సుమ్రు ఎర్కుట్ 50 మంది మహిళా డైరెక్టర్లతో మాట్లాడి, బోర్డులో ముగ్గురు ఉన్నప్పుడు ఈ పరిస్థితి మారుతుందన్నారు. నేను చూసినదీ అదే. ఒక్కరే ఉన్నప్పుడు ఆమె చేసిన సూచన వినిపించుకోకుండా వదిలేసి, కాసేపటికి మరొకరు అదే చెబితే మంచి ఆలోచన అనడం జరుగుతుంది. పక్కన ఇంకొకరు ఉంటే, ఇది ఇందాక ఆవిడ చెప్పినదే కదా అని గుర్తుచేస్తారు. మన చట్టం ఒక్కరితో ఆగిపోయింది. ఒకటి కనీసం అన్న మాటను చాలా కంపెనీలు ఒకటి చాలు అన్నట్టుగా చదువుకున్నాయి. ఈ కనీసాన్ని మూడోవంతుకు పెంచే సమయం వచ్చిందని నా దృఢమైన అభిప్రాయం.

అర్హులైన మహిళలు దొరకడం లేదన్న జవాబు ప్రతిచోటా వినిపిస్తుంది. నార్వేలోనూ వినిపించింది. మరియాన్ బెర్ట్రాండ్, ఆమె సహచరులు అక్కడి అనుభవాన్ని పరిశీలించి 2019లో ప్రచురించినదాని ప్రకారం, చట్టం తర్వాత బోర్డుల్లోకి వచ్చిన స్త్రీల అర్హతలు అంతకుముందు ఉన్న మహిళా డైరెక్టర్ల కంటే మెరుగ్గానే ఉన్నాయి. అయితే అదే పరిశోధన మనకు రుచించని ఇంకో విషయం కూడా చెప్పింది. బోర్డులో వచ్చిన మార్పు వల్ల అవే కంపెనీల్లో కింది స్థాయిలో పనిచేసే స్త్రీలకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. పైన తలుపు తీస్తే కింద దానంతట అదే వెలుతురు పడదు. పదోన్నతులు, ప్రసూతి సెలవు తర్వాత తిరిగి వచ్చినవారికి ఇచ్చే పని, జీతాల తేడా, వీటిని బోర్డు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. మన దగ్గర 2019 డిసెంబరు నుంచి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్పొరేట్ అఫైర్స్ స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకును నిర్వహిస్తోంది. పేర్లు అక్కడ ఉన్నాయి. తమకు పరిచయమున్న నలుగురిలోనే వెతికి, దొరకలేదనే అలవాటును ఇప్పటికైనా మానుకోవాలి.

చివరగా, రేపో ఎల్లుండో ఏదో ఒక బోర్డులో అడుగుపెట్టబోయే ఆడపిల్లలు ఈ సభలో ఉన్నారు కనుక, నా వృత్తి నేర్పిన కొన్ని సంగతులు వారికి చెబుతాను. నియామకాన్ని అంగీకరించే ముందే ఏ కమిటీల్లో వేస్తున్నారో అడగండి. సీఎస్ఆర్‌తో పాటు ఆడిట్, రిస్క్, నామినేషన్ కమిటీల్లో ఒకటైనా ఉండాలని కోరండి. గత ఏడాది మినిట్స్ అన్నీ తెప్పించుకుని చదవండి. సమావేశానికి కనీసం ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది చట్టం. దానితో పాటు కాగితాలు కూడా అందేలా పట్టుబట్టండి, ముందు రోజు రాత్రి వచ్చిన కాగితం మీద ఆమోదం అడిగితే వాయిదా కోరండి. సీఎస్ఆర్ ప్రాజెక్టును ప్రారంభోత్సవం నాడు కాకుండా ఆర్నెల్లు గడిచాక, బ్యానర్లు లేని రోజున వెళ్ళి చూడండి. మీరు అంగీకరించని తీర్మానం విషయంలో మీ అసమ్మతిని మీ పేరుతో మినిట్స్‌లో నమోదు చేయాలని 118వ సెక్షన్ చెబుతోంది. ఆ హక్కును వాడుకోవడానికి మొహమాటపడకండి, రాసేవారు నాలాంటివారే, మేము రాస్తాం. మీరు అడిగిన ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరకకపోతే, దాన్ని ఎవరు ఏ తేదీలోగా తేవాలో మినిట్స్‌లోకి ఎక్కించి, తర్వాతి సమావేశపు ఎజెండాలో, త్రైమాసిక ఫలితాల కంటే ముందు, ఆ అంశాన్ని పెట్టించండి.

నమస్కారం.